షోరూమ్ బిల్లులో రెండు తూనికరాళ్ళు

దసరా దాటి సోయా డబ్బులు చేతికి రావడం మొదలైతే మా ఇస్లాపూర్ రోడ్డు మీద కొత్త బండ్లు కనబడతాయి. హ్యాండిల్‌కు బంతిపూల దండ, సీటు మీద ఇంకా తీయని ప్లాస్టిక్ కవరు. మన విశ్వాసులైతే బండిని నేరుగా మందిరం ముందుకు తెచ్చి ప్రార్థన చేయించుకుంటారు. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు మార్గం మీద ఉన్న ఊరు ఇది. రైలు తప్పిందా, కిన్వట్‌లో తహసీల్ ఆఫీసు పనికైనా, నాందేడ్‌లో పెద్దాసుపత్రికైనా సొంత బండే దిక్కు. తండాల నుంచి, గోండు గూడేల నుంచి పురిటి నొప్పుల తల్లిని మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తెచ్చిన సంగతులు ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. కాబట్టి బండి కొనడాన్ని సోకు అనే ప్రసంగం ఈ సంపాదకీయంలో ఉండదు. ఆ బండికి కట్టిన డబ్బులో ఎంత బండికి పోయింది, ఎంత పేరులేని లెక్కల్లోకి పోయింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

షోరూమ్‌లో ప్రతి బండికీ రెండు ధరలుంటాయి. గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఎక్స్‌షోరూమ్ ధర. చివరికి మనం కట్టేది ఆన్‌రోడ్ ధర. ఈ రెంటి మధ్య ఉండవలసినవి కొన్నే. రాష్ట్ర ప్రభుత్వానికి కట్టే రోడ్డు పన్ను ఒకటి. రిజిస్ట్రేషన్ రుసుము మరొకటి. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఇది మోటారు సైకిలుకు 300 రూపాయలు, సొంత కారుకు 600. అప్పు మీద కొంటే బ్యాంకు పేరు ఆర్సీలో ఎక్కించడానికి మోటారు సైకిలుకు 500, కారుకు 1,500. స్మార్ట్ కార్డుకు 200. ఆపైన ఇన్సూరెన్సు. పది లక్షలు దాటిన కారైతే డీలరు ఒక శాతం ఆదాయపు పన్ను ముందుగా వసూలు చేస్తాడు. అది మన పేరు మీదే జమ అవుతుంది, రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఆ డబ్బు వదిలేసుకున్నవాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నారు.

వీటికి మించి ఆ కాగితం మీద ఏమున్నా 'ఇది దేనికి' అని అడగవలసిందే.

మా సంఘంలో ఒక యౌవనస్థుడు అటువంటి కాగితమే పట్టుకొని ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. తండ్రి లేడు, తల్లి పత్తి ఏరడానికి పోతుంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. "అయ్యగారూ, అన్నీ సమజయినయి గానీ గీ ఏడున్నర వేలు దేనికి పట్టిండ్రో జర చూడుండ్రి" అన్నాడు. చూశాను. హ్యాండ్లింగ్ చార్జీ 2,500. యాక్సెసరీస్ కిట్ 3,800. ఇతరాలు 1,200. ఇతరాలంటే ఏ ఇతరాలో కాగితంలో లేదు. మరునాడు ఇద్దరం కలిసి పట్నంలో ఆ షోరూమ్‌కు వెళ్ళాం. కౌంటరు దగ్గరున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "సర్, ఇది అందరికీ ఉంటది. సిస్టమ్‌ల డిఫాల్ట్‌గ వస్తది" అన్నాడు. "అయితే హ్యాండ్లింగ్ అంటే ఏం చేశారో ఒక కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇవ్వు బాబూ" అన్నాను. మేనేజరు వచ్చాడు. హ్యాండ్లింగ్ కొట్టేశాడు. కొత్త కాగితం అచ్చుతీసి ఇచ్చాడు. చూస్తే మొత్తం ఏమీ తగ్గలేదు. యాక్సెసరీస్ కిట్ 3,800 ఉన్నది 6,300 అయి కూర్చుంది.

ఇంకో గంట కూర్చున్నాం. చివరికి అతనికి నిజంగా కావలసిన లెగ్‌గార్డు, సీటు కవరు మాత్రం ఉంచి మిగిలినవన్నీ తీసేశారు. ఆ గంటలో నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. ఆ మొత్తం ముందే ఖరారై ఉంటుంది, దానికి పేరు తర్వాత పెడతారు. ఒక పేరు తీసేస్తే ఆ డబ్బు ఇంకో పేరు తొడుక్కొని వస్తుంది. పాస్టరు పక్కన ఉన్నాడు కాబట్టి ఆ రోజు అలా జరిగింది. ఆ తల్లి ఒక్కతే వెళ్ళి ఉంటే?

హ్యాండ్లింగ్ చార్జీ అంటే ఫ్యాక్టరీ గోదాము నుంచి షోరూమ్‌కు బండిని తెచ్చి, తుడిచి, నిలబెట్టిన ఖర్చు అని చెబుతారు. కొన్నిచోట్ల దానికే లాజిస్టిక్స్ అని, డిపో చార్జీ అని పేరు. మోటారు వాహనాల చట్టంలోగానీ నియమాల్లోగానీ కొనేవాడి నుంచి ఇలాంటి రుసుము తీసుకోవచ్చని ఎక్కడా లేదు. పలు రాష్ట్రాల రవాణా శాఖలు ఈ మాట డీలర్లకు పదేపదే చెప్పాయి. అమ్మకానికి పెట్టిన వస్తువును దుకాణానికి తెచ్చుకోవడం అమ్మేవాడి పని. కిరాణా కొట్టు శెట్టి ఉప్పు ప్యాకెట్టు మీద లారీ కిరాయి వేరే అడిగితే ఊరుకుంటామా? ఎనభై వేల బండి దగ్గర మాత్రం నోరు మెదపం. పెద్ద మొత్తం పక్కన చిన్న మొత్తం చిన్నదిగానే కనబడుతుంది. అమ్మేవాడి లాభం అక్కడే ఉంది.

హెల్మెట్ సంగతి ఇంకా స్పష్టం. ద్విచక్ర వాహనం అమ్మేటప్పుడు బీఐఎస్ ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ నియమం చెబుతోంది. ఇచ్చారా? ఇస్తే దానికి వేరే డబ్బు పట్టారా? ఈ పేజీ చదువుతున్న యౌవనస్థులు ఇంట్లో ఉన్న బండి బిల్లు ఒకసారి తీసి చూడండి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కూడా అంతే. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండికి దానిని కంపెనీయే ఇవ్వాలి, డీలరు బిగించాలి. అంతకు ముందటి పాత బండ్లకు మహారాష్ట్రలో ఇప్పుడు బిగిస్తున్న ప్లేటుకు నిర్ణయించిన ధర ద్విచక్ర వాహనానికి 450, మూడు చక్రాలకు 500, కారుకు 745 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకంటే ఎక్కువ అడిగితే ఆ ఎక్కువ ఎందుకో అడగాలి.

ఇన్సూరెన్సు దగ్గర మోసం కంటే బలవంతం ఎక్కువ. 2018లో సుప్రీంకోర్టు ఆదేశం తరువాత, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ, కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. రోడ్డు మీద మన బండి తగిలి దెబ్బతిన్న పేదవాడికి పరిహారం అందాలన్నదే అందులోని ఉద్దేశం కనుక దీని మీద ఫిర్యాదు లేదు. అయితే మన బండికి జరిగే నష్టానికి చేసే బీమా ఒక్క ఏడాదికి చేసుకున్నా చాలు. ఏ కంపెనీ దగ్గర చేయించుకోవాలో కొనేవాడి ఇష్టం. 2017లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డీలరు ఫలానా కంపెనీయే అని ఒత్తిడి చేయకూడదు. 'మా దగ్గర ఇన్సూరెన్సు తీసుకోకపోతే డెలివరీ ఆలస్యమవుతుంది' అన్న మాట విన్నవాళ్ళు చేతులెత్తండి అని నేను యౌవనస్థుల కూడికలో అడిగితే బండి ఉన్నవాళ్ళలో సగానికి పైగా చేతులు లేచాయి.

అప్పు కాగితాలు మరీ లోతైన బావి. ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ చార్జీ, స్టాంపు ఖర్చు, అప్పుతో పాటు అంటగట్టే ప్రాణ బీమా. 'జీరో డౌన్ పేమెంట్' అని బ్యానరు కట్టిన చోట ఇవి ఇంకా ఎక్కువ. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. ఇటువంటి అప్పు ఇచ్చే ప్రతి బ్యాంకూ, ఫైనాన్సు కంపెనీ 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ముందుగా ఇవ్వాలి. అన్ని చార్జీలూ కలిపితే ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఉండాలి. అందులో లేని చార్జీని అప్పు తీసుకున్నవాడు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తరువాత వేయకూడదు. మన సరిహద్దు ప్రాంతం వాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. ఆ కాగితం అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇస్లాపూర్‌లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడి, సంతకం మాత్రం ఇంగ్లీషు కాగితం మీద పెడతాం. ఇక మీదట 'మాకు తెలుగులో ఇవ్వండి' అనో, 'మరాఠీలో ఇవ్వండి' అనో అడగండి. అడిగిన పాపానికి అప్పు ఆపితే అది ఫిర్యాదుకు తగిన విషయం.

సరిహద్దు అన్నాను కాబట్టి మనకు మాత్రమే ఉన్న ఒక చిక్కు గురించి చెప్పాలి. ఇక్కడి మనుషులు నాందేడ్‌కు ఎంత పోతారో ఆదిలాబాద్‌కూ అంతే పోతారు. చుట్టాలు అటే, మాట అటే. బండి కూడా అక్కడే కొంటారు. 2019 సవరణ తరువాత చట్టం ప్రకారం కొత్త బండిని అదే రాష్ట్రంలో రిజిస్టరు చేసేటట్టయితే దరఖాస్తు డీలరే పెట్టాలి. మనం తెలంగాణలో కొని మహారాష్ట్రలో తిప్పేవాళ్ళం. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషను తీసుకొని, ఇక్కడ నాందేడ్ ఆర్టీఓలో పన్ను కట్టి ఎంహెచ్ 26 నంబరు తెచ్చుకోవాలి. ఈ రెండు పనుల మధ్య ఉన్న సందులోకి ఏజెంటు దూరుతాడు. 'రెండు రాష్ట్రాలదీ నేనే చూసుకుంటా' అంటాడు. కొందరైతే ఆదిలాబాద్‌లో ఉన్న మేనమామ ఆధార్ కార్డు పెట్టి అక్కడి నంబరే చేయించేస్తారు. అప్పటికి సుఖంగానే ఉంటుంది. పన్నెండు నెలలు దాటి ఇక్కడే తిరిగితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అప్పుడు ఎన్ఓసీ, ఇక్కడి పన్ను, అక్కడ కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకునే తిరుగుడు. ఈ మధ్యలో ప్రమాదమేదైనా జరిగితే బండి కాగితాల్లో మేనమామ ఇరుక్కుంటాడు. ఎక్కడ తిప్పుతామో అక్కడ రిజిస్టరు చేయించుకోవడమే చవక. అది నిజాయితీ కూడా.

ఇదంతా చిన్న పట్నాల డీలర్ల చిల్లర పని అనుకోవద్దు. పెద్ద కంపెనీల దగ్గర కూడా ఇదే రోగం బయటపడింది. విద్యుత్ స్కూటర్లకు కేంద్రం ఫేమ్ 2 పథకం కింద సబ్సిడీ ఇచ్చినప్పుడు ఫ్యాక్టరీ ధర 1.5 లక్షలు దాటకూడదని షరతు ఉండేది. కొన్ని కంపెనీలు ఛార్జరును, సాఫ్ట్‌వేరును బండి ధరలోంచి తీసేసి వేరే బిల్లు వేశాయి. ఛార్జరు లేని విద్యుత్ బండి ఎందుకు? నాగలి అమ్మి కర్రును వేరే అమ్మినట్టుంది. విచారణ మొదలయ్యాక 2023 మే నెలలో ఓలా, ఏథర్, టీవీఎస్, హీరో కంపెనీలు ఆ డబ్బు కొన్నవాళ్ళకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఒక్క ఓలా చెల్లించవలసిందే సుమారు 130 కోట్లు. ఈ వార్త వచ్చినప్పుడు నాకు తెలిసిన ఒక సోదరుడు తన స్కూటరు బిల్లు కోసం ఇల్లంతా వెదికాడు. బిల్లు ఉన్నవాడికే అడిగే హక్కు కూడా ఉంటుందని అతనికి ఆ రోజు తెలిసింది.

ఇక మరమ్మతులు. బండి కొనడం జీవితంలో రెండు మూడుసార్లు, రిపేరు మాత్రం ఏడాదికి నాలుగుసార్లు. ఎక్కువ డబ్బు మెల్లగా పోయేది ఇక్కడే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో 'ఫ్రీ సర్వీసు' అని రాసి ఉంటుంది. అంటే కూలి మాత్రమే ఫ్రీ. ఆయిలు, ఫిల్టరు, 'కన్జ్యూమబుల్స్', పాలిష్, చైన్ క్లీనింగ్ అన్నీ బిల్లులో ఎక్కుతాయి. మనం అడగని పని చేసి, చేశాక చెబుతారు. విడిభాగాల ప్యాకెట్టు మీద ఎంఆర్‌పీ ఉంటుంది. అది అన్ని పన్నులూ కలిపిన ధర. ఎంఆర్‌పీ వేసి దాని మీద మళ్ళీ జీఎస్టీ కలిపితే పన్ను పేరుతో మన దగ్గర రెండుసార్లు తీసుకున్నట్టే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు మోటారు సైకిళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మన చేతికి వచ్చిందా, 'ఇతరాలు' అనే గుంటలోకి పోయిందా అనేది బిల్లు చదివితేనే తెలుస్తుంది.

రోడ్డు పక్క మెకానిక్కు కూడా అన్నిసార్లూ అమాయకుడు కాదు. కొత్త క్లచ్ ప్లేట్లు వేశానంటాడు, పాతవి ఏవిరా అంటే 'పారేశా' అంటాడు. ఒరిజినల్ ధర తీసుకొని డూప్లికేట్ బిగించేవాళ్ళు ఉన్నారు. కానీ అతని మీద రాయి వేసే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అతను వెనకబడిపోవడానికి పెద్దవాళ్ళు చేసిన పని ఒకటుంది. కార్ల కంపెనీలు తమ అసలు విడిభాగాలను, పరీక్ష యంత్రాలను, మరమ్మతు పుస్తకాలను బయటి మెకానిక్కులకు అందకుండా దాచి, సొంత డీలర్ల దగ్గరికే అందరూ రావలసి వచ్చేటట్టు చేశాయని 2011లో కాంపిటీషన్ కమిషన్ ముందు ఫిర్యాదు వచ్చింది. 2014 ఆగస్టు 25న ఆ కమిషను 14 కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల జరిమానా వేసింది. బయటి మెకానిక్కు దగ్గర రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. జరిమానా మీద కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. పెద్దవాళ్ళ కేసులు ఎప్పుడు తెగుతాయో మనకు తెలిసిందే. కానీ ఆ తీర్పు బయటపెట్టిన విషయం మాత్రం మిగిలే ఉంది. మన ఊరి మెకానిక్కుకు అసలు సామాను దొరకనివ్వరు. దొరికిన సామాను వేస్తే 'డూప్లికేట్ వేశాడు' అని వాళ్ళే అంటారు.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పేరుతో ఒక కమిటీ వేసి, డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలు కూడా అందులో చేర్చారు. ట్రాక్టరు ఆగిపోతే మన రైతుకు విత్తనం వేసే అదను పోతుంది. ఇది కార్లున్నవాళ్ళ గోల అని తీసిపారేసే పాఠకులు ఈ ఒక్క మాట ఆలోచించాలి.

విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు 'ఇండియాలోనే ఇట్లా' అనుకోనక్కరలేదు. అమెరికాలో డీలర్లు 'డాక్ ఫీజు' పేరుతో కాగితం రాసిన కూలి వసూలు చేస్తారు. కాలిఫోర్నియా దాన్ని 85 డాలర్లకు కట్టడి చేసింది, అసలు హద్దే లేని రాష్ట్రాలూ ఉన్నాయి. దాపరికపు రుసుముల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో దేశమంతటికీ ఒక నియమం తెచ్చింది. డీలర్ల సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. 2025 జనవరిలో అప్పీళ్ళ కోర్టు దానిని కొట్టేసింది, అది చెప్పిన కారణం నియమం తెచ్చిన పద్ధతిలో లోపం. మరమ్మతుల విషయంలో మాత్రం కాలిఫోర్నియాలో 1971లోనే ఒక చట్టం వచ్చింది. ముందుగా అంచనా రాసి ఇవ్వాలి, దానిని మించితే మళ్ళీ అనుమతి తీసుకోవాలి, అడిగితే తీసేసిన పాత భాగం తిరిగి ఇవ్వాలి. మన దేశంలో రిపేరు షాపుల కోసం అటువంటి ప్రత్యేక చట్టం రావాలని ఈ పత్రిక కోరుతోంది.

ఇప్పుడు మన గ్రంథం వైపు వద్దాం. తూనికరాళ్ళ గురించి ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం మనకు తెలుసు. సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు రకాల రాళ్ళు ఉండకూడదని మోషే ధర్మశాస్త్రం. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి. గోడ మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర ఉండడానికీ దీనికీ తేడా ఏమిటో నాకు కనబడలేదు. కానీ నేను ఈ మధ్య ఎక్కువగా ఆలోచించింది ఆదికాండము 23వ అధ్యాయం గురించి. శారా చనిపోయింది, అబ్రాహాముకు సమాధి స్థలం కావాలి. పరదేశి, దుఃఖంలో ఉన్నాడు, బేరం ఆడే స్థితిలో లేడు. ఎఫ్రోను ముందు ఊరికే ఇస్తానంటాడు. తరువాత మాటల మధ్యలో, నీకూ నాకూ మధ్య అదెంతలే అన్నట్టుగా, 400 తులాల వెండి అని ధర వదులుతాడు. 'అరే సర్, మీకూ మాకూ ఏముంది, ఒక సంతకం పెట్టండి' అనే గొంతు అక్కడ నాకు వినిపించింది. అబ్రాహాము ఏం చేశాడు? ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా, వర్తకుల్లో చెల్లే తూకంతో వెండి తూచి ఇచ్చాడు. ఏ పొలం, అందులో ఏ గుహ, ఏ చెట్లు అన్నీ లెక్కగా రాసి ఉన్నాయి. మన లేఖనాల్లో వివరంగా ఉన్న మొదటి కొనుగోలు ఇది. అది సాక్షుల ముందు, వివరాలన్నీ విప్పి చెప్పిన కొనుగోలు.

యిర్మీయా 32వ అధ్యాయంలో మరొకటి ఉంది. యెరూషలేము ముట్టడిలో ఉంది, ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. అయినా అనాతోతులో పొలం 17 తులాలకు కొన్నప్పుడు సాక్షుల సంతకాలు, ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచిన పత్రం ఒకటి, రెండూ మట్టికుండలో భద్రం. దేవుడే కొనమన్నాడు కదా, కాగితాలెందుకు అనుకోలేదు. మన దగ్గర మాత్రం 'విశ్వాసులం, నమ్మకం మీద పోదాం' అంటూ బిల్లు తీసుకోకపోవడం భక్తి కింద చెల్లుతోంది. సువార్త పనికి వ్యాను కొన్న సంఘాల్లో ఎన్ని సంఘాలు ఆ బిల్లును సభ్యుల ముందు చదివి వినిపించాయి? కానుకల డబ్బుతో కొన్న బండిలో హ్యాండ్లింగ్ చార్జీ ఎంత పోయిందో అడిగే హక్కు రెండు రూపాయలు వేసిన విధవరాలికీ ఉంది.

ఆ రోజు షోరూమ్‌లో కౌంటరు దగ్గరున్న అబ్బాయి సంగతి ఇంకా మిగిలి ఉంది. మేము బయటికి వచ్చాక వెనకాలే వచ్చాడు. "అయ్యగారూ, నేనూ మందిరానికి పోయేటోన్నే. నెలకిన్ని కిట్లు, గిన్ని ఇన్సూరెన్సులు చేయకుంటే ఇన్సెంటివ్ కట్ అయితది. జీతం మీదనే బతకాల్నంటే ఇల్లు గడవదు. నన్నేం జెయ్యమంటరు?" అన్నాడు. ఇస్లాపూర్, కిన్వట్, ఆదిలాబాద్ యువకుల్లో చదువుకొని షోరూముల్లో, ఫైనాన్సు కంపెనీల్లో, సర్వీసు సెంటర్లలో చేరినవాళ్ళు మన సంఘాల్లోనే చాలామంది ఉన్నారు. ఈ పత్రిక చదివేవాళ్ళలోనూ ఉంటారు. మీకు ఉద్యోగం మానేయండి అని చెప్పడం నాకు తేలిక, మీకు కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి ఇదే ప్రశ్న అడిగారు. లూకా 3వ అధ్యాయం చూడండి. ఉద్యోగం మానమని ఆయన వాళ్ళకు చెప్పలేదు. నిర్ణయించినదానికి మించి తీసుకోవద్దన్నాడు. ఆ అబ్బాయికి నేను చెప్పింది కూడా అంతవరకే. ప్రతి చార్జీ పేరు చదివి చెప్పు, ఇది తప్పనిసరి కాదు అని ఆ ఒక్క మాట జోడించు, ఆ తరువాత కొనేవాడి ఇష్టం. అలా చెప్పినందుకు ఇన్సెంటివ్ పోతుందని నాకు తెలుసు. అలా పోగొట్టుకున్నవాడికి సంఘం ఏమి ఇస్తుంది అని అతను అడగలేదు గానీ, అడిగి ఉంటే నా దగ్గర తయారుగా జవాబు లేదు. పెద్దలు ఆలోచించాలి. నీతిగా ఉండమని ఆదివారం చెప్పి, నెలాఖరున ఆ నీతి ఖర్చు మొత్తం ఇరవై మూడేళ్ళ కుర్రాడి మీదే వేసేస్తున్నాం.

ఈ తప్పు మొత్తం అతని మీదా వేయలేం, మేనేజరు మీదా వేయలేం. బండి మీద మార్జిన్ తక్కువ, ఇన్సూరెన్సు మీద, కిట్ల మీద తప్ప షోరూమ్ నడవదని డీలర్లు చెబుతారు. అది నిజమే కావచ్చు. అయితే ఆ మార్జిన్ సంగతి కంపెనీతో తేల్చుకోవాలి గానీ పత్తి ఏరే తల్లి దగ్గర తేల్చుకోకూడదు. కంపెనీ కూడా తప్పించుకుంటుంది. 2009లో తయారైన కారును గోవాలో ఒక డీలరు 2011లో కొత్తదని అమ్మిన కేసులో, డీలరు సొంతంగా చేసిన పనికి తయారీ కంపెనీ బాధ్యత లేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకని ఫిర్యాదు రాసేటప్పుడు కంపెనీకి మెయిల్ పెట్టి ఊరుకోకండి. డీలరు పేరు తప్పకుండా ఉండాలి.

ఫిర్యాదు చేయడం మనవాళ్ళు అనుకున్నంత కష్టం కాదు. మొదట 1915కు ఫోను చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం బండి ఎక్కడ కొన్నా మనం ఉన్న చోటనే కేసు వేయవచ్చు. ఆదిలాబాద్‌లో కొన్నవాడు ఆదిలాబాద్ పోనక్కరలేదు, నాందేడ్‌లోనే వేయవచ్చు. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, అంటే మన మోటారు సైకిళ్ళన్నీ ఇందులోకే వస్తాయి. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు మాత్రం జరిగిన రోజు నుంచి రెండేళ్ళు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అన్యాయ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కాబట్టి 'బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం' అనే మాట అన్నవాడు తన మీద తానే సాక్ష్యం చెప్పుకున్నట్టు.

మా సంఘంలో మొదలుపెట్టిన ఒక చిన్న ఏర్పాటు గురించి చెబుతాను, మీ సంఘాల్లో పనికొస్తే వాడుకోండి. నెలలో రెండో ఆదివారం ఆరాధన తరువాత ఎవరైనా బండి కొటేషను, లోను కాగితం, రిపేరు బిల్లు తెచ్చుకోవచ్చు. ఇంగ్లీషు చదవగల ఇద్దరు డిగ్రీ పిల్లలు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కూర్చుంటారు. ఒక్కొక్క వరుస చదివి తెలుగులోనో మరాఠీలోనో చెబుతారు. అడగవలసిన ప్రశ్నలు వెనకవైపు పెన్సిలుతో రాసి ఇస్తారు. అడ్వాన్సు కట్టకముందే రావాలన్నది ఒక్కటే షరతు. మన సంఘం కాని వాళ్ళు కూడా వస్తున్నారు. పోయిన నెల ఊళ్ళో మెకానిక్కు ఒకాయన వచ్చి, కస్టమర్లకు ఇవ్వడానికి తనకూ ఒక బిల్లు పుస్తకం అచ్చు వేయించి పెట్టమని అడిగాడు. దాంట్లో 'పాత భాగం తిరిగి ఇచ్చాను' అని ఒక గడి ఉండాలట. పిల్లలు ఆ నమూనా తయారు చేస్తున్నారు.